ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పులిజూదం

నడికుడి స్టేషన్లో పల్నాడు ఎక్స్‌ప్రెస్ ఎక్కేసరికే మా మేనల్లుడి ఫోన్లో పుస్తకాల జాబితా సిద్ధంగా ఉంది. ఇంజినీరింగ్ మొదటి ఏడు అయింది వాడికి. ఇన్నాళ్ళూ గేములు ఆడాడు, ఇప్పుడు తయారుచేస్తానంటున్నాడు. వీడియోలు చూస్తుంటే సగంలోనే నిద్రొస్తోందట. "పుస్తకమైతే పక్కన పెట్టుకుని కొట్టుకోవచ్చు మామయ్యా" అన్నాడు. దాచేపల్లిలో డీఎస్సీ గైడ్లు దొరుకుతాయి, ఇంటర్ టెస్ట్ పేపర్లు దొరుకుతాయి, ఇవి మాత్రం దొరకవు. ఆన్‌లైన్లో తెప్పించుకోవచ్చు గానీ, నాలుగు పేజీలు తిప్పి చూడకుండా అంత డబ్బు పోసి పుస్తకం కొనాలంటే నాకు చెయ్యాడదు. ఎటూ ఆదివారం, ఆబిడ్స్‌లో ఫుట్‌పాత్ నిండా పుస్తకాలే ఉంటాయి.

పొందుగుల దగ్గర కృష్ణ దాటాక అడిగాను: "ఇంతకీ ఏం గేమ్ చేస్తావురా?"

"ఓపెన్ వరల్డ్."

"అందులో ఏముంటయ్?"

"అన్నీ."

"అన్నీ నేర్పే పుస్తకం ఎవడూ రాయలేదు. ముందు ఒక్క ఆట చెప్పు. దానికి తగ్గది వెతుకుదాం."

మిర్యాలగూడ వచ్చేలోగా బేరం పులిజూదం దగ్గర తెగింది. 3 పులులు, 15 మేకలు, 23 స్థానాలు. గుడి అరుగు బండ మీద తాతతో ఆడినవాడే, రూల్సు వేరే చెప్పక్కర్లేదు. వాడికి కాస్త చిన్నతనంగానే అనిపించింది. కార్లూ తుపాకులూ లేని ఆట మరి.

ఆబిడ్స్‌లో షట్టర్లు దించిన షాపుల ముందు నీడ పట్టుకుని పుస్తకాలు పరిచారు. కనేట్కర్ 'లెట్ అజ్ సి' ప్రతి కుప్పలోనూ ఉంది. నా తరంవాళ్ళు టర్బో సి నీలం తెర ముందు కూర్చుని, గ్రాఫిక్స్ హెడర్ ఫైల్ పెట్టి, ఒక వృత్తం గీస్తే పండగ చేసుకున్నవాళ్ళు. ఒకచోట ఆండ్రే లమాత్ విండోస్ గేమ్ ప్రోగ్రామింగ్ పుస్తకం కనిపించింది. 1999 నాటిది, వెనక అట్టకు సీడీ సంచి ఉంది, లోపల సీడీ లేదు. మావాడు బరువు చూసి మురిశాడు. డైరెక్ట్‌డ్రా మీద కట్టిన పుస్తకం అది, ఆ పద్ధతిని మైక్రోసాఫ్ట్ ఎప్పుడో పక్కన పెట్టేసింది. దాని పక్కనే ఫ్లాష్ గేముల పుస్తకం. ఫ్లాష్‌కు అడోబీ 2020 డిసెంబర్ 31తో మంగళం పాడింది. కొత్తదనం పోనిదాన్నే ఎంచుకోవాలంటే ఈ రంగంలో కష్టం.

అట్టమీద బొమ్మ బాగున్న గోడో ఇంజిన్ పుస్తకం దగ్గర వాడు ఆగిపోయాడు. నేను నడిమధ్యకు తెరిచాను. ఆటలో మనిషిని కదిపే చోట 'కైనమాటిక్‌బాడీ' అని ఉంది. 2023 మార్చిలో గోడో 4 వచ్చాక అది 'క్యారెక్టర్‌బాడీ' అయింది. మూవ్ అండ్ స్లైడ్ ఫంక్షన్‌కు వెనక వేగాన్ని బ్రాకెట్లో అందించేవాళ్ళు, ఇప్పుడు ఆ బ్రాకెట్ ఖాళీ. అనుభవమున్నవాడైతే ఐదు నిమిషాల్లో దిద్దుకుంటాడు. కొత్తవాడు మాత్రం పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు కొట్టి, ఎర్ర అక్షరాలు చూసి, తప్పు తనదే అనుకుంటాడు. ఇంజిన్ పుస్తకం కొనాలంటే ముందు వెర్షన్ నంబర్ చూడాలి, అట్ట తర్వాత.

ఆ తర్వాత నేను ఏ పుస్తకం అందుకున్నా వెనక ఇండెక్సులో రెండు మాటలు వెతికాను: గేమ్ లూప్, డెల్టా టైమ్. పులిజూదంలో మనం ఎత్తు వేసేదాకా ప్రోగ్రామ్ ఓపిగ్గా కూర్చుంటుంది. పరుగెత్తే ఆట అట్లా కాదు. మీట నొక్కినా నొక్కకపోయినా సెకనుకు 60 సార్లు ఆటగాడు ఏం చేశాడో చూసుకుని, బొమ్మల్ని జరిపి, తెర మీద మళ్ళీ గీస్తుంది. ఒక్కో విడతకు 16 మిల్లీసెకన్ల పైచిలుకు. విడతకు 5 పిక్సెళ్ళు జరగమని రాశామా, 30 ఫ్రేముల ఫోన్లో మన మనిషి సగం వేగంతో ఈడుస్తాడు, 120 ఫ్రేముల ఫోన్లో రెట్టింపు ఉరుకుతాడు. అందుకే వేగాన్ని గడిచిన కాలంతో గుణించాలి. ఏ ఇంజిన్ వచ్చినా పోయినా ఈ లెక్క మారదు. బొమ్మ ఎగిరే మెరుపులన్నీ నేర్పి దీన్ని దాటవేసిన పుస్తకాలు రెండు మూడు తగిలాయి.

జాబితాలో మొదటిది, జేసన్ గ్రెగరీ 'గేమ్ ఇంజిన్ ఆర్కిటెక్చర్', ఒకచోట ఉండనే ఉంది. గొప్ప పుస్తకం. నాటీ డాగ్‌లో పనిచేసిన మనిషి రాసింది. కానీ వెయ్యి పేజీలు దాటిన ఆ గ్రంథం ఇంజిన్ ఎట్లా కడతారో చెబుతుంది, పులిని ఎట్లా దూకించాలో చెప్పదు. రాబర్ట్ నిస్ట్రమ్ 'గేమ్ ప్రోగ్రామింగ్ ప్యాటర్న్స్' దొరకలేదు. రచయిత దాన్ని నెట్‌లో ఉచితంగానే చదువుకోనిచ్చాడు కాబట్టి దిగులు లేదు. నాలుగు ఆటలు రాసి, కోడ్ చిక్కుపడ్డాక చదివితే దాని రుచి తెలుస్తుంది.

చివరికి తీసుకున్నది ఆల్ స్వైగార్ట్ పైథాన్ గేముల పుస్తకం, నలిగిన కాపీ. ఇదీ నెట్‌లో ఉచితమే. కాగితం కావాలన్నాడు కాబట్టి కొన్నాం. అంకె కనిపెట్టే ఆటతో మొదలై, టిక్-టాక్-టో, రివర్సీ దాటాకే పైగేమ్ బొమ్మల్లోకి వెళ్తుంది. అధ్యాయం చివర ఆడదగ్గ ఆట ఒకటి చేతికొస్తుంది. "ఇందులో త్రీడీ లేదు మామయ్యా" అని సణిగాడు. షాపతను రెండొందలు చెప్పి నూట యాభైకి ఇచ్చాడు.

తిరుగు రైల్లో టిక్-టాక్-టో కోడ్ చూస్తూ వాడే పట్టుకున్నాడు: అది గళ్ళ పలక, వరసలెక్కతో సరిపోతుంది. పులిజూదం పలక అట్లా కుదరదు. ఒక స్థానానికి రెండే దారులు, ఇంకోదానికి నాలుగు. నోట్‌బుక్‌లో పలక గీసి, 23 స్థానాలకూ అంకెలు వేసి, దేని పక్కన ఏదేది ఉందో రాశాడు. అదొక్కటే చాలదు. పులి దూకాలంటే పక్కన మేక ఉండాలి, అదే గీత మీద దాని అవతల ఖాళీ ఉండాలి. కాబట్టి ప్రతి స్థానానికీ 'పక్కది, దాని అవతలిది' అని జంటలు రాసుకోవాలి. పుస్తకంలో లేని ఈ పట్టిక వాడు సొంతంగా కట్టాడు.

ఎన్ని మేకలు చస్తే పులులు గెలిచినట్టన్న దగ్గర పేచీ వచ్చింది. మా ఊళ్ళో ఐదు అన్నాన్నేను. ఎదుటి సీట్లో పిడుగురాళ్ళ పెద్దాయన ఆరన్నాడు, పైగా మేకలన్నీ పలక మీదికి దిగేదాకా ఒక్కటీ కదలకూడదన్నాడు. అది మాకూ అంతేనన్నాను. ఐదారు దగ్గర మాత్రం ఆయన తగ్గలేదు, నేనూ తగ్గలేదు. కోడిపందెం పేరుతో బ్రహ్మనాయుడు, నాగమ్మల కాలంలో యుద్ధం దాకా పోయిన సీమ మాది. నల్గొండలో మొదలైన వాదం విష్ణుపురం వచ్చినా తేలలేదు.

మావాడు తలెత్తకుండా అన్నాడు: "మీరు కొట్టుకోబాకండి. ఆ అంకె కోడ్‌లో పాతెయ్యను, సెట్టింగ్స్‌లో పెడతా. ఎవరి ఊరి లెక్క వాళ్ళు పెట్టుకుంటారు."

"ముందే ఆరు పెట్టి ఉంచు బాబూ" అన్నాడు పెద్దాయన.