గేరు రాడ్డు మీద చెయ్యి

రండి, మంట దగ్గరికి జరిగి కూర్చోండి. ధనుర్మాసం చలి ఈసారి బాగానే ఉంది. ఆ హోరు మన హైవేదే. కాగితాల్లో ఇప్పుడది 65వ నంబరు గానీ, మా తరం వాళ్లం ఇంకా తొమ్మిదో నంబరు రోడ్డనే అంటాం. హైదరాబాదు నుంచి వచ్చే బండి కోదాడ దాటాక మా గరికపాడు దగ్గరే ఆంధ్రాలో అడుగుపెడుతుంది. భోగికి ముందు రెండు రోజులూ పంతంగి నుంచి చిల్లకల్లు దాకా టోల్ గేటు వచ్చిన ప్రతిచోటా కార్లు బారులు తీరతాయి. క్లచ్ ప్లేట్లకి ఏడాదిలో అంతటి గడ్డుకాలం మరొకటి ఉండదు.

పోయిన పండక్కి మా మేనల్లుడు అలా వచ్చినవాడే. కారు దిగుతూనే, "మావయ్యా, గేరు లైటు వెలిగింది. ఫస్టు నుంచి సెకండుకి మారేటప్పుడు ఒకటే కుదుపు. గేరుబాక్స్ పోయిందేమో" అన్నాడు. ముఖం వాడిపోయింది. వాడిది ఏఎంటీ బండి, అంటే కాలితో తొక్కే క్లచ్ ఉండదు. లోపల మామూలు గేరుబాక్సే. మనం చేత్తో, కాలితో చేసే పని అందులో చిన్న మోటారూ పంపూ చేస్తాయి. 2014లో మారుతి సెలేరియోతో ఇవి మన రోడ్ల మీదికి వచ్చాయి, ఇప్పుడు వీధికొకటి కనపడుతోంది. దారిలో ఒక షాపులో చూపిస్తే గేరుబాక్స్ దింపాల్సిందే అన్నారట. గుండె జారిపోయి వచ్చాడు.

పొద్దున్నే జగ్గయ్యపేట నుంచి మేస్త్రి వచ్చాడు. వచ్చీ రాగానే పానా పట్టలేదు. "ఎప్పుడు మొదలైంది బాబూ? బండి చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? ప్రతి గేరుకీ కుదుపుతోందా, ఒక్కదానికేనా?" అని అడుగుతూ కూర్చున్నాడు. నాడి పట్టుకునే ముందు వైద్యుడు అడిగే మాటల్లా ఉన్నాయవి. చల్లగా ఉన్నప్పుడు మొరాయించి వేడెక్కాక సర్దుకుంటే ఒక జబ్బు, ట్రాఫిక్‌లో గంటసేపు పాకాక వస్తే ఇంకో జబ్బు.

తర్వాత డ్రైవరు పక్క తలుపు తీసి, వేలు పైకెత్తి మమ్మల్ని ఊరుకోమన్నాడు. కొన్ని ఏఎంటీ బళ్లలో తలుపు తీయగానే పంపు జుయ్‌మంటూ తిరిగి, గేర్లు మార్చే నూనెకి ఒత్తిడి తెచ్చిపెడుతుంది. ఆ చప్పుడు నీరసంగా, ఆగి ఆగి వచ్చింది. వెంటనే బానెట్ ఎత్తాడు. బ్యాటరీ టెర్మినల్ చుట్టూ పచ్చగా, తెల్లగా పొడి కట్టి ఉంది. మీటరు పెడితే 11.9 వోల్టులు. నిండుగా ఉన్న బ్యాటరీ అయితే 12.6 దగ్గర ఉండాలి. కరెంటు చాలక పంపు బలహీనపడితే గేరు సగంలో తడబడుతుంది, కంప్యూటరు భయపడి లైటు వెలిగిస్తుంది. లోపల పళ్లచక్రాలు నిక్షేపంగా ఉన్నా మనకి మాత్రం గేరుబాక్స్ పోయినట్టే కనపడుతుంది. నా బాధంతా ఇక్కడే. లైటు వెలిగిన మరుక్షణం గేరుబాక్స్ విప్పనివ్వకండి. బ్యాటరీ, ఎర్తు వైరు, నూనె మట్టం, సెన్సారు కనెక్టరు: ముందు వీటిని చూడమని గట్టిగా అడగండి. అడిగే హక్కు మీకుంది.

స్కానర్ సంగతీ చెప్పాలి. స్టీరింగ్ కింద పదహారు పిన్నుల సాకెట్ ఒకటుంటుంది. అందులో పెడితే తప్పు నంబరు వస్తుంది. ఎక్కువగా వచ్చేది పీ0700. అది చూపించి "ఇదిగో, గేరుబాక్స్ కోడ్" అంటారు. నిజానికి ఆ నంబరుకి అర్థం ఒక్కటే: గేర్ల కంప్యూటరు ఇంజను కంప్యూటర్ని పిలిచి లైటు వెయ్యమంది, అంతే. ఎందుకు వెయ్యమందో ఆ గేర్ల కంప్యూటర్నే అడగాలి. చవక స్కానర్లు చాలావాటికి అంత లోతుకి వెళ్లే శక్తి లేదు. పీ0715 వస్తే లోపలి షాఫ్టు వేగం కొలిచే సెన్సారు దారిలో లోపం, పీ0730 వస్తే వేసిన గేరుకీ తిరుగుతున్న వేగానికీ లెక్క కుదరడం లేదని. ఏ కోడ్ అయినా ఎక్కడ వెతకాలో చెబుతుంది, ఏ సామాను మార్చాలో చెప్పదు.

మీది క్లచ్ ఉన్న మామూలు బండి అయితే, స్కానర్ లేకుండానే సగం సంగతి మీ చేతికే తెలుస్తుంది. ఇంజను ఆపేసి, గేరు రాడ్డు మీద అరచెయ్యి పెట్టి ఒక్కో గేరూ వేసి చూడండి. ఆపినప్పుడు వెన్నలా పడి, స్టార్టు చేశాక కరకరమంటే క్లచ్ పూర్తిగా విడిపోవడం లేదు. కేబులో, క్లచ్ నూనో, ప్రెషర్ ప్లేటో చూడాలి. ఆపినా బిగుసుకుపోతే గేరు కేబులు, దాని బుష్షులు, ఆ తర్వాతే లోపలి సామాను. ఒక్క గేరుకే కరకర వస్తే, గేరు పడేముందు వేగాలు కలిపే సింక్రో రింగు దానికి అరిగి ఉండొచ్చు. ఆ రింగులు లేని కాలంలో మన లారీ డ్రైవర్లు డబుల్ క్లచ్ తొక్కేవారు. న్యూట్రల్‌లో చిన్న రేసిచ్చి, చక్రాల వేగం చెవితోనే కలిపేవారు. ఆ చెవి ఎంత గొప్పదో! న్యూట్రల్‌లో ఉన్నప్పుడు క్లచ్ తొక్కితే చప్పుడు పుడుతోందంటే రిలీజ్ బేరింగు, తొక్కితే చప్పుడు ఆగుతోందంటే చాలావరకు గేరుబాక్స్ లోపలి బేరింగు. నాలుగో గేరులో రేసిస్తే ఇంజను అరుస్తుంది గానీ బండి లాగడం లేదా? క్లచ్ ప్లేటు జారుతోంది.

ఇక రెండు క్లచ్‌లుండే ఆటోమేటిక్ బళ్లు. టోల్ గేటు బారులో అడుగడుగూ పాకుతుంటే వీటికి ఒళ్లు కాలిపోతుంది, వేడి గుర్తు వెలుగుతుంది. పక్కకి తీసి, పార్క్‌లో పెట్టి, ఇంజను ఆన్‌లోనే ఉంచి కాసేపు చల్లారనివ్వండి. ముందు బండికి కొంచెం ఎడం వదిలి, ఒక్కసారి కదిలి, పూర్తిగా ఆగండి. బ్రేకు సగం నొక్కి పాకించడమే దాని ప్రాణం తీసేది.

వరద సంగతి మా వైపు వాళ్లకి చెప్పకుండా ఉండలేను. 2023 జూలైలో మున్నేరు ఐతవరం దగ్గర హైవే మీదికి వచ్చింది. 2024 సెప్టెంబరు మొదట్లో పాలేరు పొంగి మా గరికపాడు వంతెనే దెబ్బతింది. గేరుబాక్స్‌కి గాలి పీల్చుకునే చిన్న గొట్టం ఒకటుంటుంది. బండి నీళ్లలో మునిగితే ఆ దారిన నీళ్లు లోపలికి పోతాయి. ఆ రోజుకి బండి నడుస్తుంది, నెలలు గడిచాక బేరింగులు కూస్తాయి. మునిగిన బండి అయితే మొదటి రోజే నూనె కొంచెం తీయించి చూడండి. పాలు కలిసిన టీలా ఉంటే మొత్తం దింపి, కొత్తది పోయాలి.

మేనల్లుడి బండికి మేస్త్రి టెర్మినళ్లు వేడినీళ్లతో కడిగి, గీకి, బిగించాడు. పేటలో కొత్త బ్యాటరీ వేయించాం. మళ్లీ తలుపు తీస్తే జుయ్‌మని ఒక్క గుక్కలో పంపు తిరిగింది. కనుమ మర్నాడు చీకటితోనే బయల్దేరాడు. నార్కెట్‌పల్లి దగ్గర టీ తాగుతూ ఫోన్ చేశాడు: "మావయ్యా, లైటు రాలేదు. అత్తకి చెప్పు, అరిసెలు అయిపోయాయి."