ఏ వార్డులో పడుకోబెట్టాలి?

ఎడమ కాలు పిక్క దగ్గర గట్టిపడి, చీలమండ దాకా వాచిపోయి ఉంది. ముట్టుకుంటే వేడి. కుడి కాలు మామూలుగానే ఉంది. ఇరవై ఆరేళ్ళ మనిషికి ఒక్క కాలే అలా వాచిందంటే, సిరలో రక్తం గడ్డకట్టిందేమోనని ఏ ఫిజీషియన్‌కైనా ముందు అనుమానం వస్తుంది. డాప్లర్ తీయిస్తే అదే తేలింది. ఎందుకు కట్టిందో తెలియాలి కదా. దూర ప్రయాణాలు లేవు, దెబ్బ తగల్లేదు, ఆపరేషన్లు లేవు. "మందులేమన్నా వాడుతున్నావా అమ్మా?" అని అడిగితే పక్కనున్న స్నేహితురాలి మొహం చూసింది. ఆ పిల్ల హ్యాండ్‌బ్యాగు తెరిచి నా బల్లమీద గుమ్మరించింది. అన్నీ గర్భం రాకుండా వేసుకునే మాత్రల పట్టీలే. రోజుకి నాలుగు, ఒక్కోరోజు ఆరు. రెండేళ్ళుగా. పైగా పదిహేను రోజులకోసారి ఒక ఆర్‌ఎంపీ దగ్గర ఏదో ఇంజెక్షన్.

ఈమెను శిరీష అందాం. ఈ వ్యాసంలో రోగుల పేర్లన్నీ మార్చినవే.

శిరీష పుట్టినప్పుడు మగపిల్లాడని రాశారు. తను ఆడపిల్లనని బడిలో చదివేటప్పుడే తనకి తెలుసంది. మాత్రల సంగతి చెప్పింది తనకంటే పెద్దదైన ఒక అక్క. ఆమెకి చెప్పింది ఇంకో అక్క. ఒకటి వేసుకుంటే కొంచెం మార్పు వస్తుంది కాబట్టి ఆరు వేసుకుంటే ఆరింతలు వస్తుందని వాళ్ళ లెక్క. మాలా-డి లాంటి మాత్రలో ఇథినైల్ ఈస్ట్రడయాల్ 30 మైక్రోగ్రాములుంటుంది. రోజుకొకటి వేసుకునే ఆరోగ్యవంతురాలికి దానితో ముప్పు తక్కువ. నాలుగూ ఆరూ మింగుతూ, రోజూ సిగరెట్లు కూడా కాలుస్తుంటే లివర్‌లో రక్తాన్ని గడ్డకట్టించే ప్రోటీన్లు ఎక్కువగా తయారవుతాయి. గడ్డ కాలిలోనే ఉండిపోతే అదృష్టం, ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది.

ఇదే పనికి మేం రాసే మందులు వేరు. ఈస్ట్రడయాల్ వాలరేట్, సాధారణంగా రోజుకి 2 నుంచి 6 మిల్లీగ్రాములు. మగ హార్మోన్‌ని అణచడానికి స్పైరనోలాక్టోన్. గుండె బలహీనపడి ఒళ్ళు నీరు పట్టినవాళ్ళకి రోజూ రాసే మందే అది. పొటాషియం చూసుకుంటూ ఉండాలి, అంతే. గడ్డల భయమున్నవాళ్ళకి ఈస్ట్రడయాల్ మాత్రకి బదులు ఒంటికి రాసుకునే జెల్ మేలు. నెలసరి ఆగిపోయిన ఆడవాళ్ళకి గైనకాలజిస్టులు ఎన్నో ఏళ్ళుగా ఇస్తున్న సరుకే ఈ ఈస్ట్రడయాల్. ఆశలు కూడా అదుపులో పెట్టాలి: రొమ్ములు మూడు నుంచి ఆరు నెలల్లో మొదలై రెండు మూడేళ్ళకి ఎదిగినంత ఎదుగుతాయి, చర్మం మెత్తబడుతుంది, గొంతు మాత్రం మారదు. పిల్లలు పుట్టే అవకాశం తగ్గుతుంది కాబట్టి వీర్యం దాచుకునే ఆలోచనుంటే మందు మొదలుపెట్టక ముందే దాచుకోవాలి. ఇవన్నీ ఎదురుగా కూర్చోబెట్టుకుని చెబితే అరగంట పట్టదు.

మరి ఆ అరగంట ఇచ్చే డాక్టరు దగ్గరికి శిరీష ఎందుకు పోలేదు? పోయింది. పదిహేడేళ్ళప్పుడు నాన్న తీసుకెళ్ళాడు. ఆ డాక్టరు, మగ హార్మోను తక్కువై ఇలా అనిపిస్తోందని చెప్పి టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు ఇచ్చాడట. "మీసాలొచ్చినయ్ మేడం, మనసు మారలే" అంది శిరీష. ఆ తరవాత ఆమెకి డాక్టర్ల మీద నమ్మకం పోయింది, మెడికల్ షాపు మీద కుదిరింది. షాపువాడు ఏమీ అడగడు.

శిరీషలా అనిపించడం జబ్బా అని పెళ్ళిళ్ళలో భోజనాల దగ్గర కూడా నన్నడుగుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టిక పదకొండో కూర్పు 2022 జనవరిలో అమల్లోకొచ్చింది. అందులో దీన్ని మానసిక వ్యాధుల అధ్యాయంలోంచి తీసేసి లైంగిక ఆరోగ్యం కింద పెట్టారు. పట్టికలోంచి పూర్తిగా ఎందుకు తీసెయ్యలేదంటే, కోడ్ నంబరు లేనిదానికి చికిత్సా రాదు, బీమా డబ్బులూ రావు. ఇక మందలించో, మంత్రించో, కరెంటు పెట్టో 'మామూలు' చేస్తామనే వైద్యం ఉందే, దాన్ని వృత్తిపరమైన తప్పుగా చూడాలని మద్రాసు హైకోర్టు జోక్యం తరవాత 2022లో జాతీయ వైద్య కమిషన్ తేల్చింది. తల్లిదండ్రులు మాత్రం తప్పు తమలోనే వెతుక్కుంటారు. అక్కచెల్లెళ్ళ మధ్య పెరిగాడు కాబట్టి అంటారు, ఫోన్లు చూసి అంటారు, ఒకాయన తను గల్ఫ్‌లో ఉండిపోవడం వల్లే అన్నాడు. పెంపకం వల్ల వస్తుందని గానీ, కొడితే పోతుందని గానీ ఇంతవరకూ ఎవరూ చూపించలేకపోయారు. ఒళ్ళంతా ఒక తీరుగా ఉండి, లోపల తానెవరో ఇంకో తీరుగా తెలుస్తూ ఉండటమే ఇది. పుట్టుకతోనే జననాంగాల్లోనో క్రోమోజోముల్లోనో తేడా ఉన్నవాళ్ళని ఇంటర్‌సెక్స్ అంటాం, అది వేరే సంగతి. ఎవరిని ప్రేమిస్తారన్నది ఇంకా వేరే. మా డాక్టర్లలోనే చాలామంది ఈ మూడింటినీ ఒక గాటన కట్టేస్తారు.

జిల్లా ఆస్పత్రిలో పనిచేసే రోజుల్లో, ఒక రాత్రి రాజ్యమ్మని ఆటోలో తెచ్చారు. యాభైకి దగ్గర వయసు. పొద్దున్నుంచి మూత్రం బొట్టు పడలేదు. పొత్తికడుపు బోర్లించిన చెంబులా ఉబ్బి ఉంది. హౌస్ సర్జన్ గొట్టం వెయ్యబోతే ఎక్కడం లేదు. చూస్తే, దారి గుండుసూది తలంత కూడా లేదు. చుట్టూ మచ్చకట్టి మూసుకుపోయింది. ఇరవై ఏళ్ళ వయసులో నిర్వాణం చేయించుకుంది, అంటే మగ అవయవాలు కోయించుకుంది. చేసింది డాక్టరు కాదు, హిజ్రాల జమాత్‌లో దాయమ్మ అని పిలిచే పెద్ద. కత్తి, వేడి నూనె, నలభై రోజులు గదిలో. కుట్లు లేవు. కుట్లు లేకుండా మానిన పుండు ముడుచుకుంటుంది, ముడుచుకుంటూ మూత్రం దారిని కూడా లాక్కుంటుంది. ఆమె ముప్పై ఏళ్ళుగా ముక్కుతూ మూలుగుతూ పోసుకుంటూనే ఉంది, ఎవరికీ చూపించలేదు. సర్జన్ వచ్చి పొట్ట మీద నుంచి గొట్టం వేస్తే లీటరు పైన వచ్చింది. "సచ్చిపోతననుకున్న బిడ్డా" అని నా చెయ్యి పట్టుకుంది.

అసలు కష్టం ఆ తరవాత మొదలైంది. చీర కట్టుకున్న మనిషిని మగవాళ్ళ వార్డులో వెయ్యనని అక్కడి సిస్టరు. ఆడవాళ్ళ వార్డులో రోగుల వెంట వచ్చినవాళ్ళు వద్దంటే వద్దని గొడవ. స్ట్రెచర్ కారిడార్‌లోనే ఉంది, దోమలు. డ్యూటీ డాక్టరు సూపరింటెండెంటుకి ఫోన్ చేశాడు, ఆయన ఎత్తలేదు. చివరికి హెడ్ సిస్టర్ వచ్చి మాకెవరికీ తట్టని పని చేసింది. "ఏడ ఉంటవ్ అక్కా?" అని రాజ్యమ్మనే అడిగింది. ఆడవాళ్ళ దగ్గరే ఉంటానంది. చివరి మంచం ఇచ్చి కర్టెన్ లాగారు. రెండు రోజులకి గొడవ చేసినవాళ్ళు డిశ్చార్జి అయిపోయారు. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ మంచం మీద ఎవరున్నారో పట్టించుకోలేదు.

దారి వెడల్పు చేసే ఆపరేషన్ అయ్యాక ఆమెకి నడుము ఎక్స్‌రే తీయించాను. వెన్నుపూస ఒకటి కుంగి ఉంది. వృషణాలు తీసేశాక మగ హార్మోన్ పోయింది, దాని చోట ఆడ హార్మోన్ ఎవరూ ఇవ్వలేదు. ఏ హార్మోనూ లేకుండా ముప్పై ఏళ్ళు గడిస్తే ఎముక గుల్లబారుతుంది. ఒంట్లో ఏదో ఒక సెక్స్ హార్మోన్ ఉండి తీరాలన్న ముక్క చెప్పే డాక్టరు దాయమ్మ పక్కన ఉండడు.

ఇంత చాటుమాటు ఎందుకంటే, చాటు లేకుంటే బతకనివ్వలేదు. నిజాం కాలంలో 1919లో వచ్చిన ఒక చట్టం కింద ఇలాంటివాళ్ళ పేర్లు పోలీసు రిజిస్టరుకి ఎక్కేవి. ఆడబట్టలు కట్టుకుని వీధిలో కనబడినా, నలుగురిలో ఆడినా పాడినా వారంటు లేకుండా పట్టుకోవచ్చు. దాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది ఎప్పుడనుకున్నారు? 2023 జూలైలో.

ఆడవాళ్ళుగా మారినవాళ్ళైనా సిగ్నళ్ళ దగ్గర, రైళ్ళలో కళ్ళబడతారు. ఆడపిల్లలుగా పుట్టి మగవాళ్ళుగా బతికేవాళ్ళు జనంలో కలిసిపోతారు. వాళ్ళున్నారని కూడా చాలామందికి తెలియదు. కిరణ్ ఐటీ ఉద్యోగి, గడ్డం, చెక్స్ చొక్కా. టెస్టోస్టిరాన్ మీద ఉన్నాడు. ల్యాబ్ రిపోర్టులో హిమోగ్లోబిన్ 16 అని ఎర్ర అక్షరాల్లో వచ్చింది. బయట చూపిస్తే ఎముక మజ్జ పరీక్ష చేయించమన్నారట. జరిగిందేమిటంటే ల్యాబ్ కంప్యూటర్లో ఆధార్ చూసి ఆడ అని నొక్కారు. ఆడవాళ్ళ కొలతలో 16 ఎక్కువ, మగవాళ్ళ కొలతలో మామూలు. ఆ హార్మోన్ వాడేవాళ్ళకి రక్తం చిక్కబడటం నిజమే, అందుకే హిమటోక్రిట్ చూస్తూ ఉంటాం. 54 దాటితే డోసు తగ్గిస్తాం. కిరణ్‌కి 48. సూది మళ్ళీ గుచ్చకుండానే మజ్జ పరీక్ష తప్పింది.

అతనికే ఒకసారి ఆగిపోయిన రక్తస్రావం మళ్ళీ మొదలైంది. గైనకాలజిస్టు దగ్గరికి పంపాను. గేటు దగ్గర సెక్యూరిటీ అతను, "పేషెంటు మేడంని పంపండి సార్, మీరు బయట కూర్చోండి" అన్నాడట. కిరణ్ అది నవ్వుతూనే చెప్పాడు. చెప్పాడు గానీ, లోపలికి పోకుండా ఇంటికెళ్ళిపోయాడు. గర్భసంచి ఉన్నంతకాలం గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్ పరీక్ష కూడా చేయించుకోవాలి. ఆపరేషన్‌తో ఆడవాళ్ళైనవాళ్ళకి ప్రొస్టేట్ అలాగే ఉంటుంది. ఎవరికి ఏ అవయవం ఉందో దాన్నే పరీక్షించాలి. ఎంబీబీఎస్‌లో ఈ మాట మాకెవరూ చెప్పలేదు.

చట్టాలు లేక కాదు. తానెవరో తేల్చుకునే హక్కు ఆ మనిషిదేనని 2014 ఏప్రిల్‌లో నల్సా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ట్రాన్స్‌జెండర్ల హక్కుల కోసం వచ్చిన 2019 చట్టం హార్మోన్ల చికిత్సా ఆపరేషన్లూ అందించే బాధ్యతని ప్రభుత్వాల మీద పెట్టింది. 2022లో ఆయుష్మాన్ భారత్ కింద ట్రాన్స్‌జెండర్లకి ఏడాదికి 5 లక్షల బీమా ప్రకటించారు. అదే ఏడాది ప్రాచీ రాథోడ్, రూత్ జాన్‌పాల్ అనే ఇద్దరు ట్రాన్స్ డాక్టర్లు ఉస్మానియా ఆస్పత్రిలో చేరారు. అంతకుముందు ఏడాది హైదరాబాద్ నారాయణగూడలో మిత్ర్ క్లినిక్ మొదలైంది. పనిచేసేవాళ్ళలోనూ ట్రాన్స్‌జెండర్లుండటంతో లోపలికి అడుగుపెట్టడానికి జంకు పోయింది. నేను పంపినవాళ్ళు హార్మోన్లకి వెళ్ళి షుగర్ ఉందని కనుక్కుని వచ్చేవాళ్ళు. అది అమెరికా సాయంతో నడిచేది. 2025 మొదట్లో అక్కడి ప్రభుత్వం మారి నిధులు ఆగేసరికి ఇక్కడ తలుపులు మూతబడ్డాయి. కొన్ని నెలలకి వేరే సాయంతో సబ్‌రంగ్ పేరుతో మళ్ళీ తెరిచారు, సంతోషమే. ఆ మధ్య కాలంలో మందులు అయిపోయినవాళ్ళు ఎక్కడికి పోయి ఉంటారో మీరే ఊహించుకోండి. వాషింగ్టన్‌లో సంతకం పెడితే నారాయణగూడలో మందు ఆగిపోయే ఏర్పాటుని ఏర్పాటు అనలేను. జిల్లా ఆస్పత్రి ఓపీలో వారానికి ఒక్క పూట, ఒక డాక్టరు, ఒక కౌన్సెలర్ చాలు. మందులు జనరిక్‌లో దొరుకుతాయి.

మొన్న జ్యోతి వచ్చింది. పిత్తాశయంలో రాళ్ళు, నొప్పి, వాంతులు. ఆపరేషన్ రాశాం. బీమా కౌంటరులో కార్డు మీద మగ పేరు, ఎదురుగా చీరలో మనిషి. ఫైలు పక్కన పెట్టారు. కలెక్టరేట్ ఇచ్చిన ట్రాన్స్‌జెండర్ సర్టిఫికెట్ ఆమె దగ్గరుంది గానీ ఆధార్‌లో పేరు మార్చుకోలేదు. కౌంటరు కుర్రాడు మంచివాడే. "సిస్టమ్ తీసుకోవట్లేదు మేడం" అంటాడు. మా ఆఫీసువాళ్ళు సర్టిఫికెట్ జతచేసి ఉత్తరం రాసి, రెండు రోజులు ఫోన్ల మీద ఫోన్లు చేస్తే అనుమతి వచ్చింది. ఏ వార్డు అని ఈసారి సిస్టరే ముందుగా అడిగింది, జ్యోతినే. లాప్రోస్కోపీ ముప్పావుగంటలో అయిపోయింది. డిశ్చార్జి రోజున హార్మోన్లు ఎప్పటినుంచి మొదలుపెట్టాలో చెబుతుంటే సగంలో ఆపేసింది. "అది గాదు మేడం, ఆదివారం బోనాలు. మటన్ తినొచ్చా?" రెండు వారాలు ఆగమన్నాను. ఒక్క ముక్క అని బేరమాడింది. నూనె లేకుండా వండితే సరే అన్నాను.