ముందు వరుసలో పిల్లలు

1999 జనవరి 24. అమెరికాలోని అనహైమ్ నగరం. స్టేడియం కిక్కిరిసి ఉంది. గోదాలో మిక్ ఫోలీ అనే వస్తాదు... 'మ్యాన్‌కైండ్' అన్నది రింగులో అతని పేరు. రెండు చేతులూ వెనక్కి విరిచి బేడీలు వేసేశారు. ఎదురుగా ఇనప కుర్చీ పట్టుకుని 'ద రాక్'. ఒకటి, రెండు, మూడు... తల మీద దెబ్బ మీద దెబ్బ. మొత్తం పదకొండు!

జనం ఊగిపోతున్నారు. ముందు వరుసలో మాత్రం ఇద్దరు చిన్నపిల్లలు గుక్కపట్టి ఏడుస్తున్నారు. పక్కన వాళ్లమ్మ వణికిపోతోంది. ఎందుకంటే అక్కడ దెబ్బలు తింటున్నది వాళ్ల నాన్న. ఇదంతా ఉత్తుత్తి ఆటేననీ నాన్నకేమీ కాదనీ ముందే చెప్పి తీసుకొచ్చారు. ఆ రాక్ అంకుల్ నాన్నకి స్నేహితుడేననీ చెప్పారు. కానీ కుర్చీ తలకి తగిలిన చప్పుడు ఉత్తుత్తిది కాదుగా! ఆ తల్లి పిల్లల్ని తీసుకుని బయటికి వెళ్లిపోయింది. ఈ దృశ్యమంతా 'బియాండ్ ద మ్యాట్' అనే డాక్యుమెంటరీలో నమోదైంది. తర్వాత ఆ దృశ్యాలు చూపించినప్పుడు కొండలాంటి ఫోలీ కూడా బిక్కచచ్చిపోయాడు. రింగులో ఉన్నంతసేపూ అతనికి జనం కేకలు వినిపించాయి. పిల్లల ఏడుపు వినిపించలేదు.

ప్రొఫెషనల్ రెజ్లింగ్ చరిత్రంతా ఒక్క చోటికి తెస్తే అది ఆ ముందు వరుసలోనే కనిపిస్తుంది. ఈ ఆట ఎవరి కోసం? చప్పట్లు కొట్టే పిల్లల కోసమా, నెత్తురు చూడాలని కేకలేసే కుర్రకారు కోసమా? నలభై ఏళ్లుగా ఆ వ్యాపారం ఈ ప్రశ్నకి మాటిమాటికీ జవాబు మారుస్తూనే ఉంది.

విటమిన్లు తినండి పిల్లలూ!

1980ల్లో జవాబు సులువు. పిల్లలే! విన్స్ మెక్‌మహన్ తండ్రి నుంచి కంపెనీ కొనుక్కుని, పొగలు కమ్మిన హాళ్లలో పెద్దవాళ్లు చూసే కుస్తీని ఇంటింటి టీవీలోకి తెచ్చాడు. అప్పటి పేరు డబ్ల్యూడబ్ల్యూఎఫ్. పసుపు బనీను, గుబురు మీసాలతో హల్క్ హోగన్ వచ్చి, వ్యాయామం చేయండి, దేవుడికి దణ్ణం పెట్టుకోండి, విటమిన్లు తినండి అని చెబితే పిల్లలు బుద్ధిగా విన్నారు. 1985 మార్చి 31న మొదటి 'రెజిల్‌మేనియా'. అదే ఏడాది హోగన్ పేరుతో కార్టూన్ సీరియల్. రబ్బరు బొమ్మలు, టిఫిన్ డబ్బాలు... వస్తాదు బొమ్మ లేని వస్తువు లేదు. మంచివాడు గెలుస్తాడు, చెడ్డవాడు చావుదెబ్బలు తింటాడు. చందమామ కథంత తేలిక.

ఇదంతా ముందే రాసుకున్న కథేనని కంపెనీయే 1989లో న్యూజెర్సీ రాష్ట్ర చట్టసభ ముందు ఒప్పుకుంది. ఆటలపై ఉండే ప్రభుత్వ నియంత్రణ తప్పించుకోవడానికి చెప్పిన నిజం అది. అయినా పిల్లలకి పట్టలేదు. పురాణ నాటకంలో భీముడి గద అట్టముక్కేనని తెలిసినా చప్పట్లు కొట్టమా!

కానీ పిల్లలతో ఒక చిక్కుంది. వాళ్లు ఎదుగుతారు. 1985లో ఎనిమిదేళ్లున్న పిల్లాడికి 1996లో పంతొమ్మిది. వాడికిప్పుడు విటమిన్ల పాఠం వినాలని లేదు. సరిగ్గా అప్పుడే పోటీ కంపెనీ డబ్ల్యూసీడబ్ల్యూ ఆ సంగతి కనిపెట్టింది. ఆ ఏడాది జులై 7న సాక్షాత్తూ హోగన్‌నే విలన్‌గా మార్చేసింది. పిల్లల దేవుడు నల్లబట్టలు వేసుకుని అభిమానుల్నే తిట్టాడు. పిల్లలు తెల్లబోయారు. కుర్రకారు మాత్రం టీవీలకి అతుక్కుపోయింది. ఏడాదిన్నరకి పైగా వారంవారం రేటింగుల్లో ఆ కంపెనీదే పైచేయి.

బీరు, బూతు, కుర్చీ

మెక్‌మహన్ ఊరుకుంటాడా? 1997 డిసెంబరులో తెరమీదికొచ్చి, మంచివాడు-చెడ్డవాడు కథలతో ప్రేక్షకుల తెలివిని అవమానించే రోజులు పోయాయన్నాడు. ఆ తర్వాత వచ్చిందే అభిమానులు 'యాటిట్యూడ్ ఎరా' అని పిలుచుకునే కాలం. స్టీవ్ ఆస్టిన్ రింగులో బీరు డబ్బాలు పగలగొట్టి గటగటా తాగేవాడు. మధ్యవేలు చూపించేవాడు. యజమానినే చితక్కొట్టేవాడు. సోమవారం పొద్దున మేనేజరు చేత చీవాట్లు తిన్న ప్రతి ఉద్యోగికీ ఆ రాత్రి ఆస్టిన్ బంధువైపోయాడు. 1999 మే 10న 'రా' కార్యక్రమానికి 8.1 రేటింగు వచ్చింది. అంతటి రేటింగు దానికి మళ్లీ రాలేదు. 2001 మార్చిలో డబ్ల్యూసీడబ్ల్యూని మెక్‌మహనే కొనేశాడు.

లెక్కల్లో గెలుపే. మరి ఖరీదో? మహిళా వస్తాదులకి బట్టలు చింపుకొనే పోటీలు పెట్టారు. తలమీద కుర్చీదెబ్బలు మామూలైపోయాయి. 1999 మే 23న ఓవెన్ హార్ట్ పైకప్పు నుంచి తాడుతో దిగే విన్యాసంలో పడి చనిపోతే... ఆ రాత్రి ప్రదర్శన ఆగలేదు.

అన్నింటికన్నా ముఖ్యమైన సంగతి ఒకటుంది. ఈ కార్యక్రమం కుర్రకారు కోసమని కంపెనీ చెప్పుకున్నా పిల్లలు టీవీ ముందు నుంచి లేచి వెళ్లలేదు. బొమ్మలు దుకాణాల్లోనే ఉన్నాయి. కొనేది పిల్లలే. 1997లో అమెరికాలో టీవీ కార్యక్రమాలకి వయసు గుర్తులు పెట్టారు. పద్నాలుగేళ్లలోపు పిల్లలకి తగదని తెర మూలన గుర్తు వేస్తే సరిపోతుందా? గుర్తు చదివి టీవీ కట్టేసే పన్నెండేళ్ల పిల్లాడు లోకంలో ఎక్కడైనా ఉన్నాడా!

'పేరెంట్స్ టెలివిజన్ కౌన్సిల్' అనే సంస్థ ఉద్యమానికి దిగింది. 1999లో కోకాకోలా 'స్మాక్‌డౌన్' నుంచి ప్రకటనలు వెనక్కి తీసుకుంది. అయితే ఆవేశంలో ఆ సంస్థ కూడా గీత దాటింది. ఫ్లోరిడాలో ఒక చిన్నారి మరో పిల్లాడి చేతిలో ప్రాణాలు కోల్పోతే ఆ పాపం రెజ్లింగ్‌దేనంది. కంపెనీ కోర్టుకెళ్లింది. 2002లో ఆ సంస్థ 35 లక్షల డాలర్లు చెల్లించి, తమ మాట తప్పని బహిరంగంగా క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. పిల్లల మీద ప్రేమ ఉన్నంత మాత్రాన రుజువులు అక్కర్లేదనుకోకూడదని ఆ కేసు నేర్పింది. అదే ఏడాది మే నెలలో కంపెనీ పేరూ మారింది. వన్యప్రాణి సంరక్షణ సంస్థతో అక్షరాల తగాదాలో ఓడి, డబ్ల్యూడబ్ల్యూఎఫ్ కాస్తా డబ్ల్యూడబ్ల్యూఈ అయింది.

సన్నగొంతు, బొంగురు గొంతు

2008 జులైలో మళ్లీ గాలి మళ్లింది. 'రా'కి పెద్దల తోడుతో పిల్లలూ చూడొచ్చన్న 'పీజీ' గుర్తు వచ్చింది. కావాలని నుదురు కోసుకుని నెత్తురు కార్చడం బంద్. 2010కల్లా తలమీద కుర్చీదెబ్బలూ బంద్. ఆ ఏడాదే కంపెనీ బొమ్మల తయారీ బార్బీని చేసే మాటెల్ చేతికి వచ్చింది. అంతకుముందు 2007 జూన్‌లో క్రిస్ బెన్వా భార్యనీ కొడుకునీ చంపి తానూ ఉరేసుకున్నాడు. ఏళ్ల తరబడి తలకి తగిలిన దెబ్బలతో అతని మెదడు దారుణంగా పాడైందని పరీక్షల్లో తేలింది. కంపెనీ మారింది మనసు మారి అనుకోవాలా, ప్రకటనల కోసం అనుకోవాలా? బహుశా రెండోదే ఎక్కువ. అయినా కుర్చీ దెబ్బ తప్పిన తలకి ఆ తేడాతో పనేముంది!

ఈ కొత్తకాలానికి ముఖం జాన్ సీనా. విచిత్రమేమిటంటే 2003 ప్రాంతంలో అతనే బూతులు కలిపిన ర్యాప్ పాటలతో ప్రత్యర్థుల్ని ఎగతాళి చేసే కొంటెవాడు. 2006 జూన్‌లో న్యూయార్క్‌లోని ఒక హాల్లో, పెద్దవాళ్లతో నిండిన గుంపు అతను విసిరిన బనీనుని మళ్లీ మళ్లీ అతని మొహానే కొట్టింది. మరో రెండేళ్లకి అదే సీనా రంగురంగుల బనీన్లతో పిల్లల దేవుడయ్యాడు. ప్రాణాంతక వ్యాధులున్న పిల్లల కోరికలు తీర్చే 'మేక్ ఎ విష్' సంస్థ ద్వారా 2022 నాటికి 650 మంది చిన్నారుల్ని కలిసి గిన్నిస్ పుస్తకానికెక్కాడు.

అప్పటి నుంచి అతను రింగులోకి వస్తే స్టేడియం రెండుగా చీలిపోయేది. 'లెట్స్ గో సీనా' అని పిల్లల, ఆడవాళ్ల సన్నగొంతులు. ఆ వెంటనే అతన్ని వెక్కిరిస్తూ మగవాళ్ల బొంగురు గొంతులు. తాళం తప్పకుండా ఒకటి తర్వాత ఒకటి. ప్రేక్షకుల వయసు తెలుసుకోవడానికి సర్వే అక్కర్లేదు, కళ్లు మూసుకుని వింటే చాలు.

ఆ బొంగురు గొంతుల ఫిర్యాదు ఒక్కటే... 'ఇది చిన్నపిల్లల ఆటైపోయింది, మా కాలంలో రెజ్లింగంటే రెజ్లింగే' అని. అలా అనేవాళ్లలో చాలామంది ఆ ఆస్టిన్‌నీ ఆ ఫోలీనీ చూసింది పదేళ్ల వయసులోనే! తాము చిన్నప్పుడు చూసింది పెద్దల కార్యక్రమమనీ, పెద్దయ్యాక చూస్తున్నది పిల్లల కార్యక్రమమనీ వాళ్లకి తోచదు. ప్రతివాడికీ తనకి పన్నెండేళ్లప్పటి వస్తాదే అసలు వస్తాదు.

లెక్కలూ ఆ మాటే చెబుతున్నాయి. అమెరికాలో టీవీలో రెజ్లింగ్ చూసేవాళ్ల సగటు వయసు 2000లో 28. 2006లో 33. 2016కి 54! కార్యక్రమం పిల్లలదైంది, టీవీ ముందు కూర్చున్నవాళ్లు నెరిసిన జుట్టువాళ్లయ్యారు. కుర్రకారంతా ఫోన్లలో ముక్కలు ముక్కలుగా చూడ్డానికి అలవాటు పడటం అందుకో కారణం. ఏదేమైనా, కార్యక్రమాన్ని శుభ్రం చేస్తే పిల్లలొస్తారు, ఘాటు పెంచితే కుర్రాళ్లొస్తారు అన్న సూత్రం ఎంత తేలిగ్గా చెప్పుకున్నా అంత తేలిగ్గా పనిచేయదు. చూసేవాళ్లు వస్తే వెళ్లరు... వయసుతోపాటు మోసుకుపోతారు.

గచ్చిబౌలి దాకా

మోసుకుపోవడం మనవాళ్లకీ తెలుసు. 1990ల్లో బడి సంచుల్లో దాచుకున్న డబ్ల్యూడబ్ల్యూఎఫ్ కార్డులు గుర్తున్నాయా? ఎత్తు, బరువు, ఛాతీ కొలత, గెలిచిన పోటీలు... ఎక్కువ అంకె ఉన్నవాడిదే కార్డు. అండర్‌టేకర్ చచ్చి బతికొచ్చాడని రీసెస్‌లో ఒట్టేసి చెప్పుకున్న పిల్లలు ఇప్పుడు తల్లులూ తండ్రులూ. 2023 సెప్టెంబరు 8న హైదరాబాద్ గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో డబ్ల్యూడబ్ల్యూఈ ప్రదర్శన జరిగింది. సాక్షాత్తూ సీనాయే వచ్చి సెథ్ రాలిన్స్‌తో జట్టుకట్టి ఆడాడు. కార్డుల తరం, ఫోన్ల తరం ఒకే పేరు పెట్టి అరవగలిగే సందర్భాలు తక్కువ. అలాంటిది అదొకటి.

కూతురు పక్కన కూర్చున్న తండ్రికి మరో మార్పూ కనబడాలి. బట్టలు చింపుకొనే పోటీల కంపెనీయే 2019 ఏప్రిల్ 7న రెజిల్‌మేనియా చివరి పోటీని, అంటే అన్నింటికన్నా పెద్దదాన్ని మొట్టమొదటిసారి ముగ్గురు మహిళలకి అప్పజెప్పింది. బెకీ లించ్ గెలిచింది. పాత ఘాటు పోయిందని బాధపడేవాళ్లు పోయినవాటి జాబితాలో ఏమేం ఉన్నాయో ఓసారి చూసుకోవాలి.

అలాగని ఘాటు పూర్తిగా పోలేదు. 2019లో వచ్చిన పోటీ కంపెనీ ఏఈడబ్ల్యూ నెత్తురుతోనే పెద్దవాళ్లని పిలుస్తోంది. 2024 మార్చిలో అదే రాక్, చికాగో వర్షంలో కోడీ రోడ్స్‌ని నెత్తురోడేలా కొట్టే దృశ్యం 'రా'లోనే వచ్చింది. చక్రం తిరుగుతూనే ఉంటుంది. మూలనున్న గుర్తు మారుతూనే ఉంటుంది.

2025 డిసెంబరు 13న వాషింగ్టన్‌లో సీనా చివరి పోటీ ఆడాడు. 'ఎన్నడూ వదిలిపెట్టకు' అని జీవితమంతా బనీను మీద రాసుకు తిరిగినవాడు, గుంథర్ పట్టులో చిక్కి చిరునవ్వుతో ఓటమి ఒప్పుకున్నాడు. 2008లో సన్నగొంతుతో అరిచిన పిల్లల గొంతులు ఇప్పుడు బొంగురుపోయాయి. రేపు వాళ్లూ తమ పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని 'మా కాలంలో...' అని మొదలుపెడతారు.

పెట్టనీయండి. ఒక్కటి మాత్రం గుర్తుంచుకుంటే చాలు. రింగులో ఎవరో కుర్చీ పైకెత్తినప్పుడు అందరి చూపూ తెరమీదే ఉంటుంది. అమ్మానాన్నలు ఆ క్షణంలో పక్కనున్న పిల్లల మొహాలకేసి చూడాలి. వాళ్లకి ఎంతవరకూ తగునో ఏ గుర్తూ చెప్పలేనంత స్పష్టంగా అక్కడే రాసి ఉంటుంది.