పత్రికకు వెల యెవ్వ రిచ్చుచున్నారు?

దీర్ఘాయువు మనుష్యులకువలెనే పత్రికలకును అరుదు. తెలుగున బుట్టిన పత్రికలలో పుష్కరకాలమైనను నిండకుండ గన్నుమూసినవి పెక్కులు. అట్టిచోట ఎనుబదియేండ్లకు మించి జీవించిన ఆంధ్రపత్రిక చరిత్రము మిక్కిలి విచారింపదగినది. కేవలము పొగడుటకై మేము దీనిని జెప్పబూనలేదు. పత్రిక దేనిచే బ్రతుకునో, దేనిచే క్షీణించునో గృహస్థు లెల్లరు నెరుగవలెనని మా యభిలాష.

కృష్ణామండలమందలి ఎలకుర్రున జన్మించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో దీనిని వారపత్రికగా బొంబాయిలో స్థాపించిరి. తెలుగుపత్రిక పరభాషా నగరమున బుట్టుట వింతగా దోపవచ్చును. కాని పంతులుగారి వ్యాపార మక్కడనే యుండెను. 1893లో వారారంభించిన అమృతాంజనము జనుల తలనొప్పిని మాన్పుటయేగాక పత్రికను గూడ బోషించెను. పత్రిక మద్రాసునకు మారి 1914 ఏప్రిల్ 1వ తేదీనుండి దినపత్రిక యయ్యెను. 1924లో భారతి మాసపత్రికయు దానికి దోడుగా వెలువడెను.

ఇక కష్టములు. 1910 నాటి ముద్రణాలయశాసనము ప్రకారము ప్రభుత్వము ధరావతు కోరవచ్చును. వ్రాత నచ్చనిచో నా సొమ్మును జప్తు చేయవచ్చును. ఆ శాసనము 1922లో రద్దయినను, 1931లో నట్టిదే మరల వచ్చెను. పంతులుగారు స్వయముగా ఉప్పుసత్యాగ్రహోద్యమమున కారాగారమున కేగిరి. 1938లో వారు గతించిన పిదప అల్లుడు శివలెంక శంభుప్రసాదుగారు పత్రికాభారమును వహించిరి. రెండవ ప్రపంచయుద్ధకాలమున కాగితపు కరవు. ఇన్నిటికి దాళిన పత్రిక, స్వరాజ్యము వచ్చిన నలువది నాలుగేండ్లకు, 1991లో మూతపడెను!

ఈలోపల మా విశాఖపట్టణముననే 1974 ఆగస్టు 10వ తేదీని ఈనాడు పుట్టినది. అంతకు మునుపు విజయవాడనుండి వచ్చు పత్రికలు ప్రొద్దెక్కినగాని మా కందెడివి కావు. తెల్లవారుసరికి గుమ్మమున బడు పత్రికకు జనులలవాటుపడిరి. పలుచోట్ల ముద్రణకును, బండ్లకును, యంత్రములకును విస్తారమైన పెట్టుబడి యవసరమయ్యెను. ఒక దాత త్యాగముపై నిలిచిన కాలము గతించెను.

దాత లేనిచో గతి యేమి? మలయభాషాపత్రికయగు ఉతుసాన్ మెలాయు 1939లో సింగపూరున స్థాపింపబడినప్పుడు సామాన్యజనులు తలకొంచెము వాటాలు కొని మూలధనము గూర్చిరి. 1961లో నధికారపక్షము దానిని వశపరచుకొనబోగా వ్రాతగాండ్రును పనివారును మూడు నెలలు సమ్మె చేసి యోడిపోయిరి. 2019లో నా సంస్థయు మూతపడినది. స్థాపించుటకు జనుల సొమ్ము చాలెను. నిలుపుకొనుటకు జనుల పట్టుదల చాలదయ్యెను.

ఇటీవల సింహాచలమున మా యింటను దినపత్రికను మానుదమను ప్రస్తావము వచ్చినది. వార్తలన్నియు ఫోనులో నుచితముగా వచ్చుచుండ డబ్బు దండుగయని మా కుమారుని వాదము. మా కోడలు, "ఉచితముగా నిచ్చువారికి జీత మెవ్వ రిచ్చుచున్నారండీ?" అని యడిగినది. అతడు బదులు చెప్పలేదు. 2021 జనవరిలో ఉక్కు కర్మాగారపు విక్రయమునకు కేంద్రమంత్రివర్గ సంఘము సూత్రప్రాయముగా సమ్మతించిన దినములలో, అందు పనిచేయు నతనికి ఫోను గడియకొక మాట జెప్పెను. అందేది నిజమో పోయి విచారించి వ్రాయుటకు మనిషి కావలెను. ఆ మనిషికి కూడు కావలెను.

అప్పన్న నిజరూపమును వైశాఖ శుద్ధ తదియనాడైనను జూతుము. పత్రిక నిజరూపము, అనగా దాని జమాఖర్చుల పుస్తకము, ఆ యొక్కనాడైనను జూడము. మన మిచ్చు వెల యచ్చుఖర్చునకే చాలదు. మిగిలినది ప్రకటనకర్తయో, ప్రభుత్వమో, పక్షమో యిచ్చును. ఇచ్చినవాడు తన ఫలమును గోరును. పంతులుగారు తలనొప్పిమందు లాభమును దేశమునకు ధారపోసిరి. అది మన భాగ్యమేగాని విధానము గాదు.

కావున చదువరులారా, నచ్చిన పత్రికకు చందా నియమముగా జెల్లింపుడు. తప్పు వ్రాసిన నుత్తరము వ్రాసి నిలదీయుడు. వెల యిచ్చినవానికే యడుగు హక్కు గలదు. ఆ హక్కును మనము విడిచితిమేని, దానిని గొనువారు సిద్ధముగనే యున్నారు.