అమ్మీకు నక్కో బోలో, మామూ

వరంగల్ స్టేషన్‌లో చార్మినార్ ఎక్స్‌ప్రెస్ వచ్చే ముందు మా ఆపా తన కొడుకు కుడి జబ్బకు ఇమామ్ జామిన్ కట్టింది. ఆకుపచ్చ గుడ్డలో రూపాయి బిళ్ళ. ఏదో దువా చదివి వాడి మొహం మీద ఊదింది. తర్వాత నా వైపు తిరిగి, "బచ్చేకా ఖయాల్ రఖ్" అంది. వాడికి చెన్నైలో నౌక్రీ ఇంటర్వ్యూ ఉందని, నాకూ అక్కడే ఆఫీసు పని ఉందని, అందుకే మామూ భాంజా కలిసి వెళ్తున్నామని చెప్పాం. రెండూ ఝూటే. నా సూట్‌కేసులో ఉన్నది నా బట్టలు కాదు, వాడి రేసింగ్ లెదర్ సూటు.

మా దుల్హా భాయ్‌కి మండీ బజార్ దగ్గర మెకానిక్ షెడ్డు ఉంది. భాంజా బుల్లెట్లు, రాజ్‌దూత్‌ల మధ్యే పెరిగాడు. ఇప్పుడు ఇరవై మూడేళ్లు, ఒక షోరూమ్ సర్వీసింగ్‌లో పనిచేస్తున్నాడు. రెండేళ్లు జీతంలోంచి దాచుకుని, ట్రాక్ మీద నడపడం నేర్పే స్కూల్‌కి వెళ్లి, లైసెన్స్ తెచ్చుకున్నాడు. ఆ సంగతి మొదట నాకే చెప్పాడు. "అమ్మీకు నక్కో బోలో, మామూ" అన్నాడు. చెప్పలేదు. పైగా దోస్తు దగ్గర అరువు తెచ్చుకున్న ఆ సూటును మా ఇంటి అల్మారీలో, నా షేర్వాణీ పక్కన తగిలించుకోనిచ్చాను. మా బేగమ్ ఒక్కసారే అడిగింది, "రేపేమన్నా అయితే ఆపాకు మొహం ఎలా చూపిస్తారు?" అని. నవ్వేశాను.

నవ్వడానికి నాకు హక్కు లేదు. ఇరవై ఏళ్లుగా పత్రికల్లో పనిచేస్తున్నాను. జిల్లా డెస్క్‌లో నా చేతి మీదుగా వెళ్లిన బైకు ప్రమాదాల వార్తలకు లెక్క లేదు. అన్నిట్లోనూ ఒకటే మాట: "బైకు అదుపు తప్పి". అదుపు ఎందుకు తప్పింది, ఎలా తప్పింది అని ఒక్క రిపోర్టర్‌నీ అడిగినవాణ్ణి కాదు. సింగిల్ కాలమ్‌లో అంత జాగా ఎక్కడిది?

మేం వెళ్తున్న ట్రాక్ సంగతి నాకు తెలియనిదీ కాదు. చెన్నై నుంచి బెంగళూరు వెళ్లే రోడ్డులో, శ్రీపెరంబుదూర్ దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఉంది. 2023 ఆగస్టులో అక్కడే జాతీయ చాంపియన్‌షిప్ రేసులో బెంగళూరు బాబు ఒకడు పడి చనిపోయాడు. వాడికి పదమూడేళ్లు. ఆ వార్త చదివాను, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అయినా సూట్‌కేసు సర్దాను. మన ఇంటి పిల్లవాడి విషయంలో అఖల్ వేరే దారిలో పోతుంది.

శుక్రవారం ప్రాక్టీస్. ట్రాక్ పొడవు 3.717 కిలోమీటర్లు, 12 మలుపులు. బళ్లన్నీ ఒకే కంపెనీవి, ఒకే మోడల్‌వి. గెలుపు బండిది కాదు, నడిపేవాడిది అని తేల్చడానికి ఈ ఏర్పాటు. దగ్గరికి వెళ్లి చూస్తే అద్దాల్లేవు, హారన్ లేదు, హెడ్‌లైట్ లేదు, స్టాండ్ కూడా లేదు. ఇంజిన్ ఆయిల్ బోల్టు ఊడి ట్రాక్ మీద ఆయిల్ ఒలక్కుండా దానికి సన్నని తీగ చుట్టి బిగించారు. అద్దాలు ఎందుకు లేవని అడిగితే భాంజా నా అమాయకత్వానికి నవ్వాడు. "వెనక చూడక్కర్లేదు మామూ. దాటేవాడిదే జిమ్మేదారీ."

ఆ మాట నాకు నచ్చింది. హనుమకొండ చౌరస్తాలో కూడా అలా ఉంటే ఎంత బాగుండు అనుకున్నాను. ముసాఫిర్‌ను కాబట్టి పిట్ వెనకాల టార్పాలిన్ పరుచుకుని జుహర్ కసర్ చదువుకున్నాను. పక్కనే ఒక తమిళ కుర్రాడు విభూతి పెట్టుకుని తన బండి ట్యాంకుకు దండం పెట్టుకుంటున్నాడు. వాడి తండ్రి ఆటో నడుపుతాడట. అమీర్ల షౌక్ అనుకున్న చోట సగం మంది మా షెడ్డు బాపతు పిల్లలే కనిపించారు.

శనివారం మొదటి రేసులో ఇరవై మందిలో పధ్నాలుగో స్థానం. చాంద్ కనిపించిన రాత్రిలా ఉంది వాడి మొహం. హోటల్ గదిలో మోకాలికి ఉండే ప్లాస్టిక్ బిళ్ళను నాకు చూపించాడు. మలుపులో మోకాలు నేలకు తాకి ఆ బిళ్ళ అంచు అరిగింది. "జమీన్ కో హాథ్ లగాకే ఆయా, మామూ" అన్నాడు. వాడికంటే నేనే ఎక్కువ ఫఖర్ పడ్డానేమో.

ఆదివారం రెండో రేసు. సూటు బిగుతుగా ఉండి ఇమామ్ జామిన్ ముడి గుచ్చుకుంటోందని విప్పి నా చేతికిచ్చాడు. చొక్కా జేబులో వేసుకున్నాను.

ఆరు ల్యాపులు. ఒక్కో ల్యాపు రెండు నిమిషాలు అటూ ఇటూ. నేను నిలబడ్డ చోటి నుంచి మెయిన్ స్ట్రెయిట్ తప్ప ఏమీ కనిపించదు. ప్రతి ల్యాపుకీ బళ్లను లెక్కపెట్టుకుంటున్నాను. నాలుగో ల్యాపులో పసుపు జెండా ఊపారు. లెక్కపెట్టాను. పంతొమ్మిది. ఇంకా ఒకటి రావాలి. కాసేపటికి ఎర్ర జెండా, రేసు ఆపేశారు. అంబులెన్స్ బయల్దేరిన శబ్దం వినిపించింది. అప్పటికి నా నోట్లో కలిమా తప్ప మరో మాట లేదు.

అదుపు తప్పడం అంటే ఏమిటో ఆ సాయంత్రం వాడే చెప్పాడు. మలుపులోంచి బయటపడుతూ తొందరపడి యాక్సిలరేటర్ తిప్పాడు. వెనక చక్రం జారింది. అక్కడితో పోతే బండితోపాటు నేల మీద జారిపోయేవాడు. అలా పడితే చాలాసార్లు దులుపుకుని లేచేస్తారట. కానీ జారిన క్షణంలో భయపడి యాక్సిలరేటర్ ఒక్కసారిగా వదిలేశాడు. జారుతున్న టైరుకు హఠాత్తుగా రోడ్డు దొరికింది. బండి విదిలించుకుని నిలబడి, మీదున్నవాణ్ణి గాల్లోకి విసిరింది. దీన్ని హైసైడ్ అంటారు. భుజం మీద పడ్డాడు. "గల్తీ మేరీచ్ హై" అన్నాడు. బండిని అనలేదు, ట్రాక్‌ను అనలేదు.

మెడికల్ సెంటర్‌లో నేను వెళ్లేసరికి నర్సు కత్తెర పట్టుకుని ఉంది. వాడు నొప్పితో కళ్లు మూసుకునే, "సూట్ నక్కో కాటో, దోస్త్‌కా హై" అంటున్నాడు. ఆమెకు ఉర్దూ రాదు. భుజం దగ్గర నుంచి నడుము దాకా కోసేసింది. ఎడమవైపు హన్స్‌లీ హడ్డీ విరిగిందని చేత్తో తాకకుండానే తెలిసిపోతోంది, చర్మం కింద ముక్క పైకి పొడుచుకొచ్చి ఉంది. మోటార్‌సైకిల్ రేసర్లకు మామూలుగా విరిగేది ఈ ఎముకేనట. భుజం మీద పడ్డ దెబ్బంతా ఈ సన్నని ఎముక మీదుగానే ఛాతీకి చేరుతుంది, మధ్యలో విరుగుతుంది.

ఆసుపత్రి వరండాలో వాడి హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఎడమ చెంప వైపు గీతలు, రంగు లేచిపోయింది. అరబ్బుల్ని తుర్కుల మీదికి లేపిన అంగ్రేజ్ లారెన్స్ గురించి మా ఉర్దూ మీడియం బడిలో చదివాం. ఆయన చివరికి పోయింది జంగ్‌లో కాదు, 1935లో ఇంగ్లండ్‌లో తన ఇంటి దగ్గర మోటార్‌సైకిల్ మీంచి పడి. తలకు దెబ్బ, ఆరు రోజుల తర్వాత మౌత్. ఆయన్ని చూసిన డాక్టర్లలో ఒకరైన హ్యూ కెయిర్న్స్ ఆ తర్వాత హెల్మెట్ల మీద పరిశోధన చేశాడు. దాంతో బ్రిటిష్ సైన్యంలో మోటార్‌సైకిల్ నడిపేవాళ్లకు హెల్మెట్ తప్పనిసరి అయింది. నా ఒళ్లో ఉన్న ఆ గీతలు వాడి తల మీద లేవు. అల్లాహ్‌కా షుక్ర్.

ఆపరేషన్ కాగితం మీద సాక్షి సంతకం అడిగారు. సంబంధం అన్న చోట "మేనమామ" అని రాశాను. రాశాక కానీ ఫోన్ చేసే ధైర్యం రాలేదు.

ఆపా కేకలు వెయ్యలేదు. "హోష్ మే హై?" అంది. ఉన్నాడన్నాను. "ఇమామ్ జామిన్?" అంది. జేబులో చెయ్యి పెట్టాను. ఏం చెప్పాలో తెలియలేదు. నా మౌనం ఆమెకు అర్థమైంది, ఫోన్ పెట్టేసింది.

సోమవారం పొద్దున దుల్హా భాయ్‌తో దిగింది. కొడుకు తల నిమిరింది, నుదురు ముద్దుపెట్టుకుంది. వరండాలోకి వచ్చాక నాతో ఒక్క మాటే అంది: "వో తో బచ్చా హై. తేరీ దాడీ సఫేద్ హో రహీ నా?" ఆ తర్వాత మూడు వారాలు నాతో మాట్లాడలేదు. రేసుకు పంపినందుకు కాదట. తను దువా చేసింది ఇంటర్వ్యూ కోసం. కొడుకు ప్రాణానికి దువా చెయ్యాల్సిన రోజున తనతో నౌక్రీ అడిగించానట. దీనికి ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.

ప్లేటు వేసి స్క్రూలు బిగించారు. మత్తు దిగగానే భాంజా హోర్హే లోరెంజో పేరెత్తాడు. 2013లో అసెన్‌లో గురువారం పడి ఇదే ఎముక విరిగితే, ప్లేటు వేయించుకుని శనివారమే రేసుకు దిగి ఐదో స్థానంలో వచ్చిన స్పెయిన్ రేసర్. అది నిజమే. కథలో రెండో సగం నేను చెప్పాను. రెండు వారాలకే జర్మనీలో మళ్లీ పడ్డాడు, ప్లేటు వంగిపోయింది, మళ్లీ ఆపరేషన్. వాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు.

బిల్లు నేనూ దుల్హా భాయ్ పంచుకున్నాం. మీ ఇళ్లల్లో ఇలాంటి షౌక్ ఉన్న పిల్లలుంటే ఒక్క పని చెయ్యండి: పాలసీ కాగితాలు ముందే చదవండి. బండి ఇన్సూరెన్స్ రేసింగ్‌కు వర్తించదు. హెల్త్ పాలసీలోనూ మోటార్ రేసింగ్ లాంటి ఆటల మీద షరతు ఉంటుంది. అది ఎవరికి వర్తిస్తుందో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి.

డెస్క్‌లో ఇప్పుడు "అదుపు తప్పి" అని వస్తే రిపోర్టర్‌కు ఫోన్ చేస్తున్నాను. గుంత ఉందా? కంకర ఉందా? హెల్మెట్ ఉందా? విసుక్కుంటున్నారు. విసుక్కోనీ.

వరంగల్‌లో దిగిన రోజు ఆ రూపాయికి ఇంకొంత కలిపి మస్జిద్ మెట్ల మీది ముసలాయనకు సదఖా ఇచ్చాను. సూటు కోత పడ్డ చోట బండి సీట్ల కవర్లు కుట్టే ఆయన దగ్గర దుల్హా భాయ్ కుట్టించుకొచ్చాడు. దోస్తుకు కొత్తదాని డబ్బు ఇచ్చేసి దాన్ని భాంజాయే ఉంచుకున్నాడు. ఇప్పుడది మా అల్మారీలో లేదు. ఆపా బీరువాలో ఉంది.

తాళం చెవి ఆమె కొంగుకే ఉంటుంది. వాడు మళ్లీ వెళ్లాలంటే అడగాల్సింది ఆమెనే. ఇస్తుందో లేదో నాకు తెలియదు. అడిగే రోజు మాత్రం వాడి పక్కన నేనూ నిలబడాలి.