అంతర్ముఖుని కాశీయాత్ర

లలితా సహస్రనామములలో రెండు నామములు ఒకదాని వెంట ఒకటి వచ్చును. అమ్మవారు అంతర్ముఖులచే చక్కగా ఆరాధింపబడునది, బహిర్ముఖులకు మిక్కిలి దుర్లభురాలు అని వాని భావము. పారాయణమున ఆ చోటికి వచ్చినప్పుడెల్ల నాకు లోలోపల చిన్న సంతోషము కలిగెడిది. మొదటి నామము నా వంటివారిని గూర్చియే అని ముప్పది యేండ్లు నమ్మితిని. బాల్యము నుండియు నేను మితభాషిని. పెండ్లిండ్లలో భోజనము కాగానే చెప్పులు వెదకుకొనువాడను. ఘట్‌కేసర్‌లో మా వీధివారు "సారు ఎవ్వరితోని ఎక్కువ మాట్లాడడు, పెద్ద వేదాంతి" అందురు. ఆ మాటను నేనెన్నడును ఖండింపలేదు.

నా మిత్రుడు నాచారమువాడు. అక్కడి పారిశ్రామికవాడలో ఒక కర్మాగారమున జీవితమంతయు పనిచేసి విశ్రాంతి పొందినవాడు. యంత్రముల హోరులో అరచి అరచి అలవాటైన కంఠము వానిది. ఇద్దరము ఒకే బడిలో చదువుకొంటిమి. ఒకనాటి కార్తికమున వాని భార్య కాలధర్మము చెందెను. ఆమె అస్థికలను ప్రయాగలో కలిపి కాశీకి పోవలెనని వాని సంకల్పము. కుమారుడు విదేశము నుండి వచ్చి, కర్మ ముగియగానే మరలిపోవలసి వచ్చెను. "నువ్వు రా రా నాతోని. ఏం మాట్లాడకున్నా నడుస్తది" అని వాడు ఫోను చేసెను. నేను బదులిచ్చుటకు రెండు దినములు తీసుకొంటిని. ఇప్పుడా సంగతి వ్రాయుటకు సిగ్గగుచున్నది.

దానాపూర్ ఎక్స్‌ప్రెస్ సికింద్రాబాదు విడిచి, మౌలాలి, చర్లపల్లి దాటి, మా ఘట్‌కేసర్ స్టేషనులో ఆగక సాగిపోయెను. మా ఊరి ప్లాట్‌ఫారము క్షణకాలము కనబడి మాయమైనప్పుడు, దిగి యింటికి పోవలెనని మనస్సు పీకెను. కాజీపేట రాకమునుపే నా మిత్రునకు ఆ పెట్టెలోని సగము మంది గోత్రములు, పెన్షన్లు, మోకాళ్ళ నొప్పులు తెలిసిపోయినవి. నాగపూరులో నారింజపండ్లు కొని అందరికి పంచెను. నేను పుస్తకము తెరచి దాని వెనుక దాగితిని.

ఆ పుస్తకము ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్రా చరిత్ర. ఆయన 1830 మే 18న చెన్నపట్టణమున బయలుదేరి, మన హైదరాబాదు మీదుగా కాశికి పోయి, 1831 సెప్టెంబరు 3న మరల ఇల్లు చేరెను. రైలు లేని దినములవి. పరివారముతో, పల్లకీతో, పదునైదు నెలల ప్రయాణము. ఆ గ్రంథమంతయు ఆయన తన మిత్రుడు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళెగారికి తెలియజేసిన సంగతులే. ఆ మిత్రుడే దానిని, ఆయన మరణానంతరము, 1838లో అచ్చు వేయించెను. ఒక మిత్రుడు ఇంకొక మిత్రునితో తనివితీర పలికిన మాటలను అడ్డము పెట్టుకొని, ప్రక్కన కూర్చున్న మిత్రుని మాట వినకుండ నేను తప్పించుకొనుచుంటినని అప్పుడు తోపలేదు.

రాత్రి దీపములు ఆర్పిన పిమ్మట వాడు నిద్రింపలేదు. అస్థికలున్న సంచిని ఒడిలో పెట్టుకొని కూర్చుండెను. నడిరేయి వానికి నాతో ఏదో చెప్పవలెననిపించినట్లున్నది, మెల్లగా నా పేరు పిలిచెను. నేను నిద్ర నటించితిని.

మరునాడు ప్రయాగలో పడవ ఎక్కితిమి. గంగ తెల్లనిది, యమున పచ్చనిది. రెండింటి కలయిక గీత గీచినట్లు కనబడుచుండెను. సరస్వతి అంతర్వాహిని, కంటికి కనబడదు. పురోహితుడు సంకల్పము చెప్పించుచు గోత్రమడిగెను. నా మిత్రుడు చెప్పెను. తరువాత ఆమె పేరడిగెను. ప్రపంచమంతటితో మాటలాడినవాని నోట ఆ ఒక్క పేరు రాలేదు. పెదవులు కదలినవి, శబ్దము లేదు. పురోహితుడు మరల అడిగి, చివరకు నా వైపు చూచెను. ఆమె చేతివంట నేను ఎన్ని పర్యాయములు తిన్నానో లెక్కలేదు. నాకు నచ్చునని చింతకాయ తొక్కు వేరే సీసాలో పెట్టి పంపెడిది. ఆమెను పేరుపెట్టి నేనెన్నడును పిలువలేదు, "వదినా" అనియే. ఆనాడు త్రివేణిలో ఆ పేరు నేనే పలికితిని. నా గొంతు నాకే కొత్తగా వినబడెను.

ఇంతటితో నేను మారియుందునని పాఠకులు తలపవచ్చును. అట్లు జరుగలేదు.

కాశీలో మానససరోవర ఘట్టమునకు దగ్గరగా తెలుగువారి బసలో దిగితిమి. రెండు దినములు వాని మాటలు, జనసమ్మర్దము, ఇరుకు సందులు, గంటలు. మూడవనాడు తెల్లవారకమునుపే లేచి, వానికి చెప్పక, ఫోను ఆపివేసి, మెట్ల వెంబడి దక్షిణముగ నడచితిని. కేదారఘట్టము, విజయనగర సంస్థానాధీశుల పేరనున్న ఘట్టము, హరిశ్చంద్ర ఘట్టము దాటి అస్సీ చేరి కూర్చుంటిని. గీత పదమూడవ అధ్యాయమున భగవానుడు జ్ఞానసాధనములను చెప్పుచు, ఏకాంతస్థలమును ఆశ్రయించుటను, జనసమూహమునందు ప్రీతి లేకుండుటను అందు చేర్చినాడు గదా. ఆ ధైర్యముతోనే కూర్చుంటిని.

కాని కన్నులు మూసిన వెంటనే లోపల సంత మొదలయ్యెను. వాడు నన్నెట్లు విసిగించెనో, తిరిగి వెళ్ళిన తరువాత ఎట్లు దూరముగా ఉండవలెనో, వానికేమి చెప్పవలెనో, దానికి వాడేమనునో, మరల నేనేమనవలెనో! పెదవి కదలకుండ రెండు గంటలు వానితో కలహించితిని. నాగపూరు వరకు వాడు పలికిన మాటలకంటె ఇవి ఎక్కువ.

అప్పుడు పదునేడవ అధ్యాయము స్ఫురించెను. అక్కడ తపస్సు మూడు విధములు: శారీరము, వాఙ్మయము, మానసము. మౌనము వాక్కునకు సంబంధించినదని మనమందరము అనుకొందుము. కాని అక్కడ మౌనమును వాఙ్మయ తపస్సులో చేర్చలేదు. మనఃప్రసాదముతో పాటు మానస తపస్సులో చేర్చినారు. వాక్సంయమము కూడ మనస్సంయమము ముందున్నప్పుడే కలుగును గనుక కార్యము పేరుతో కారణము చెప్పబడినదని శంకర భగవత్పాదుల వ్యాఖ్యానము. మరి వాక్కునకు చెప్పిన తపస్సేది? ఎదుటివానికి ఉద్వేగము కలిగింపనిదియు, సత్యమును, ప్రియమును, హితమును అగు మాటను పలుకుట. అనగా పలుకవలెను! ఈ శ్లోకములను నేను ఎన్ని మారులు పఠించితినో. నా ప్రకృతికి అనుకూలమైన చోట ఆగి, తక్కినది దాటిపోయితిని.

మాట కూడ నన్ను మోసగించినదేమో. మనుషులను అంతర్ముఖులు, బహిర్ముఖులు అని విభజించి యూంగ్ 1921లో జర్మన్ భాషలో ఒక గ్రంథము వెలువరించెను. ఇంట్రోవర్ట్ అను పదమునకు మనవారు అంతర్ముఖుడు అనియే తెలుగు చేసిరి. అది స్వభావమునకు పేరు. కఠోపనిషత్తులో యముడు నచికేతునకు చెప్పిన, దృష్టిని లోనికి మరల్చిన ధీరుడు వేరు. వాడు సాధకుడు. నేను ఆ స్వభావముతో పుట్టి ఈ సాధన చేసినట్లు భావించుకొంటిని. పుట్టుకతో సన్నగా ఉన్నవాడు ఉపవాసఫలమును కోరినట్లు!

మధ్యాహ్నమునకు బస చేరితిని. వాడు గుమ్మము కడ కూర్చుండియుండెను, పంచె బురదయై యున్నది. ఉదయము నుండి నన్ను వెదకుచు, నేను పోయిన దిక్కు తెలియక, దశాశ్వమేధము మీదుగా మణికర్ణిక వరకు నడచెనట. నెల తిరుగక మునుపు భార్యకు చితి పేర్చినవాడు, ఆ చితుల నడుమ నా కొరకు ప్రతి ముఖమును చూచెనట.

కోపించునని తలచితిని. వాడు నెమ్మదిగా అనెను: "నువ్వు మాట్లాడకు, నాకేం లేదు. ఆమె పోయినంక ఇంట్ల చప్పుడు లేదురా. నేనే మాట్లాడుకుంట. ఇక్కడ నువ్వు పక్కకున్నవని మాట్లాడుతున్న. పోతే పో, చెప్పి పో."

క్షమించుమని అడుగుటకు మాట వెదకితిని. దొరకలేదు. "అన్నం తిన్నవా?" అంటిని. తినలేదనెను.

ఆ సాయంకాలము గౌరీకేదారేశ్వరుని దర్శించితిమి. మాంధాత వండుకొన్న కిచిడీని అతిథికొక సగము, తనకొక సగముగా విభజింపగా, ఆ అన్నమే శిలయై లింగమయ్యెనని స్థలపురాణము. లింగముపై నడుమ గీత నేటికిని చూపుదురు. ఈ కథను నా మిత్రుడు పూజారిని అడిగి తెలుసుకొని, వెనుకనున్న నలుగురు యాత్రికులకు బిగ్గరగా చెప్పెను. అందరు నా వైపు చూచినారు. నేను అక్కడనే నిలిచితిని.

ఇప్పుడు వాడు ఆదివారములలో ఉప్పల్ మీదుగా బస్సులో ఘట్‌కేసర్ వచ్చును. ఒక్కొక్కనాడు ఇద్దరము ఏదులాబాదు పోయి గోదా రంగనాయకులను సేవించి వత్తుము. జపమునకు లేచునప్పుడు "లోపలికి పోయి వస్త" అని చెప్పి లేచుచున్నాను. మొన్న గంటన్నరసేపు కర్మాగారపు పాత కథయే మరల చెప్పి, హఠాత్తుగా ఆగి, "నీకు ఇసుగొస్తలేదారా?" అని అడిగెను.

"వస్తున్నది" అంటిని.

వాడు పకపక నవ్వి ఇంకొక చాయ్ అడిగెను.