మంద కుక్క

నవంబర్ 12, కల్యాణదుర్గం దగ్గర

రాత్రి మా మందలోంచి తోడేళ్లు రెండు గొర్రెపిల్లల్ని ఎత్తుకుపోయినాయి. చుట్టూ వల కట్టే ఉంది. కాపలా మనిషికి కునుకు పట్టింది, అంతే. వేరుశనగ పీకిన చేలల్లో ఎరువు కోసం మందలు నిలిపే కాలం ఇది. ఏ రైతు పిలిస్తే ఆ చేనికి పోవాలి, ఊరికి దూరంగా పడుకోవాలి. తోడేలును చంపకూడదు, 1972 చట్టం కింద దానికి గట్టి రక్షణ ఉంది. కాబట్టి కుక్క కావాలి. ఏ కుక్క అంటే మాత్రం ఇంట్లో తలా ఒక మాట.

నవంబర్ 15

తమ్ముడు ముధోల్ తెద్దామంటాడు. 2005లో తపాలా బిళ్ల మీదికి ఎక్కిన కుక్క, 2020లో ప్రధాని 'మన్ కీ బాత్'లో పేరు చెప్పిన కుక్క. అందం కాదనను. కానీ అది కంటితో చూసి తరిమే వేటకుక్క. చేలో కుందేలు లేచిందంటే దాని వెంటే పోతుంది. ఇక్కడ మంద, అక్కడెక్కడో కావలి. వేటకు పనికొచ్చే గుణమే కాపలాకు తప్పు.

నవంబర్ 18

పందికోన పేరు ఎత్తనివాళ్లు లేరు. కర్నూలు జిల్లా పత్తికొండ మండలంలోని ఊరు. అక్కడి కుక్కలంటే చుట్టుపక్కల జిల్లాలకే భయమూ గౌరవమూ. ఆ ఊరి నీళ్లు తాగితేనే ఆ రోషమనీ, బయట పెరిగితే చప్పబడుతుందనీ మా వైపు ఒక మాట. నాకు నీళ్ల మీద నమ్మకం లేదు. అక్కడ కూన పుట్టగానే చూసేది మందనూ, కాపలా కాసే తల్లినీ. ఇక్కడికి తెచ్చి అరుగుమీద గొలుసుతో కట్టేస్తే ఏ రోషం నిలుస్తుంది?

నవంబర్ 19

విదేశీ జాతులు: పిరెనీస్ కొండలది మంచుకు పుట్టిన ఒత్తు బొచ్చు, మన మే నెల ఎండకు నిలవదు. తుర్కియే కంగల్ వంశం కొంత నయం. నమీబియాలో చీతాల నుంచి మేకల్ని కాపాడటానికి 1994 నుంచీ ఆ కుక్కల్నే రైతులకు ఇస్తున్నారు. కానీ దానికి రోజూ పెట్టే తిండి మాటేమిటి? మా ఇంట్లో కుక్కకు దొరికేది రాగిసంకటి, మజ్జిగ.

నవంబర్ 23

బెళుగుప్ప దారిలో ఒక కురుబ పెద్దాయన మంద కనబడింది. గొర్రెల మధ్య గోధుమరంగు కుక్క ఒకటి. నేను దగ్గరికి పోతే కరవడానికి రాలేదు, నాకూ మందకూ మధ్యకొచ్చి నిలబడి మొరిగింది. నాలుగడుగులు వెనక్కి వేశాక ఊరుకుంది.

"ఏం జాతి మామా ఇది?"

"జాతేముండాది నాయనా, కుక్క."

"కూనను తీసుకోవాలంటే ఏం చూడాల?"

"తోక సూడొద్దు, చెవులు సూడొద్దు. దాని తల్లి రాత్రిపూట యాడ పండుకుంటాదో సూడు."

ఆయన కుక్క వల లోపల, ఈనిన గొర్రెల పక్కన పడుకుంటుందట. తోడేలుతో కలబడిన సందర్భాలు తక్కువంటాడు. మొరిగితే చాలు, మనిషి లేస్తాడు, తోడేలు ఆలోచించుకుంటుంది.

నవంబర్ 24

పెద్దాయన మాట కొత్తదేం కాదు. 1833లో ఉరుగ్వేలో డార్విన్ చూసి రాసుకున్నాడు: కూనను చిన్నప్పుడే తల్లి నుంచి వేరుచేసి గొర్రె పాలు తాగించేవారు, దొడ్డిలో ఉన్నితో పడక వేసేవారు, మిగతా కుక్కలతో కలవనిచ్చేవారు కాదు. అమెరికాలో నవాహో గొర్రెల కాపరుల దగ్గర ఉన్నవైతే వట్టి కలగలుపు కుక్కలే. చిన్నతనం నుంచి మందలో పెరగడమే వాటి చదువు. మొదటి మూడు నాలుగు నెలల్లో ఎవరితో పెరిగితే వాళ్లే దాని కుటుంబం. పిల్లల్ని దాంతో ఆడుకోనివ్వకూడదన్నమాట. మా ఇంట్లో అదే కష్టం.

నవంబర్ 27

పశువైద్యుడు జాతి సంగతి అడగనే లేదు. కోసిన గొర్రె తలకాయ కుక్కకు వేస్తారా అని అడిగాడు. వేస్తాం, అందరూ వేస్తారు. మెదడులో నీటితిత్తి ఉన్న తలను తింటే కుక్క పొట్టలో బద్దెపురుగు పెరుగుతుంది, దాని గుడ్లు మలంతో మేతలో పడతాయి, మళ్లీ గొర్రెకే చేరతాయి. ఆ జబ్బుతో తల ఒకవైపు వాల్చి గుండ్రంగా తిరిగి చచ్చే గొర్రెను ఈ సీమలో చూడని కాపరి ఉండడు. దయ్యం పట్టిందనేవాళ్లూ ఉన్నారు. ఆయన చెప్పింది ఇదే: తల పూడ్చిపెట్టడం, కుక్కకు వేళకు ప్రాజిక్వాంటెల్ మందు, మూడో నెలలో రేబిస్ టీకా, ఆపైన ఏటేటా.

నవంబర్ 30

పెద్దాయన కుక్క ఈనింది. కూనకు దుడ్లు వద్దన్నాడు, పొట్టేలు పిల్ల అడిగాడు. మగదాన్ని తీసుకోమన్నాడు, ఆడదాన్ని తన మందకే ఉంచుకుంటాడట. సంక్రాంతి దాటితే ఆయన తుంగభద్ర కాలువ వైపు మళ్లుతాడు, ఆలోగా మాట చెప్పాలి. "పేరులేని కుక్కకు పొట్టేలా?" అని తమ్ముడు ఇంకా గొణుగుతూనే ఉన్నాడు.